తెల్లనీళ్ల పళ్లెం

క్యాతగానచెర్లు ఊరి గంగాధరప్ప పుట్టి బుద్ధెరిగాక జలపాతం చూసిన పాపాన పోలేదు. చూడటానికి పావగడ తాలూకాలో ఉంటేగా! కొండలున్నాయి, బండలున్నాయి, పైనుంచి కిందికి పడటానికి కావలసినంత ఎత్తు ఉంది. పడాల్సిన నీళ్లే లేవు. అలాంటి మనిషిని కొట్టుకు పిలిపించి, అడవిలో జలపాతాన్ని మట్టితో చేసివ్వు, మా హాల్లో గోడకు తగిలించుకుంటాను అంది జలజ. ఆమె పావగడ బజారులో ఇంటి అలంకరణ సామాన్ల కొట్టు నడుపుతుంది. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. గంగాధరప్ప నవ్వే స్థితిలో లేడు.

ఆయన కుమ్మరి. తండ్రి నాటి సారె ఇంకా వసారాలోనే ఉంది. కాస్త చేను కూడా ఉండేది, అందులో వేరుశనగ వేసేవాడు. చేను పల్లపు మూలలో మంచి బంకమన్ను దొరికేది, కుండలకు అదే ఆధారం. ఇప్పుడు ఆ చేనూ, ఆ మూలా, పక్కవాళ్ల చేలూ అన్నీ సోలారు ప్యానెళ్ల కింద ఉన్నాయి. చుట్టూ ఇనుప కంచె. ఏటా గుత్త డబ్బు బ్యాంకులో పడుతుంది కాబట్టి ఇంట్లో తిండికి లోటు లేదు. లేనిదల్లా పొద్దున లేచి చేతులు పెట్టడానికి ఒక పని. ఊళ్లో కొందరు ప్యానెళ్లు కడగడానికి పోతున్నారు, కొందరు గేటు దగ్గర కాపలా కాస్తున్నారు. గంగాధరప్ప రెండూ చేసి చూశాడు. కాపలా పనిలో కుర్చీలో కూర్చుని కూర్చుని, తన చేతులు తనవి కావేమో అన్నంత దిగులు పుట్టి, నెల తిరక్కుండానే మానేశాడు.

కుండలు కొనేవాడు లేడు. అందుకని ఈ వయసులో తుమకూరు పోయి, కుర్రకారు మధ్య కూర్చుని గ్లేజు పని నేర్చుకొచ్చాడు. కాల్చిన మట్టికి గాజులా మెరుపు తెచ్చే పూత అది. పావగడలో నేర్చుకున్నవాళ్లందరికీ కలిపి ఒక గ్యాస్ బట్టీ పెట్టారు. దీపాలు చేశాడు, పూలకుండీలు చేశాడు. జలజ కొట్టులో పెడితే దుమ్ము పట్టాయే గానీ కదల్లేదు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే బట్టీ వైపు రావడం మానేశారు. "ఈసారి కూడా కాకపోతే సారె విప్పి అటక మీద పెట్టేస్తా" అని భార్య సుంకమ్మతో చెప్పేశాడు. ఆ మాట అన్న రోజు సరిగ్గా అన్నం తినలేదు.

అలాంటి సమయంలో జలజ జలపాతం పటం ఉన్న క్యాలెండరు కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

"చూడప్పా గంగాధరప్పా, ఎంత నిమ్మళంగా ఉండాదో! చుట్టూ చెట్లు, మధ్యలో నీళ్లు. పొద్దస్తమానం ఈడ గిరాకీలతో అరిచి అరిచి ఇంటికి పోతే కండ్లకు ఇట్లాంటిది కనపడాల. ముందు నాకొకటి చెయ్. బాగుంటే కొట్టులో పెడతా. అందరూ అడుగుతారు, నీకూ పని ఉంటాది."

ఆ చివరి మాట పట్టుకుని గంగాధరప్ప బస్సెక్కాడు.

అరసికెరె నుంచి ఆటోలో తెప్పించిన మట్టితో సారె మీద వెడల్పాటి పళ్లెం తీశాడు. దాని మీద మట్టితో బండరాళ్లు పేర్చడం ఆయనకు చిటికెలో పని, పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి అవే. చెట్లు, ఆకులు సుంకమ్మ చేసింది. కుమ్మరి ఇళ్లలో సారె మగవాళ్లది, నున్న చేయడం, రంగులు వేయడం ఆడవాళ్లది. ఆమె గోరుతో ఒక్కొక్క ఆకూ గిల్లుతుంటే నిజంగానే చిన్న అడవి లేచింది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి గంగాధరప్ప చెయ్యి ఆగిపోయింది. పటంలో నీళ్లు తెల్లగా ఉన్నాయి.

బోరు నీళ్లతో బతికినవాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు నిండుగా పోస్తున్నప్పుడు నీళ్లు తెల్లగా ఉండవు. పైపు నోటి నుంచి లావుగా, అద్దంలా వంగి పడతాయి. కదులుతున్నాయా లేదా అన్నట్టుంటాయి, చెయ్యి అడ్డం పెడితే గానీ వాటి బలం తెలియదు. నీళ్లు తెల్లబడ్డాయంటే గాలి కలిసిందన్నమాట. గాలి కలిసిందంటే అడుగున నీళ్లు అయిపోవచ్చాయన్నమాట.

గంగాధరప్ప బోరు అలాగే పోయింది. వేరుశనగ పూత మీద ఉన్న రోజులు. సుంకమ్మ పైపు కింద బిందె పెట్టి, "ఇదో చూడు, పాల మాదిరి ఎంత తెల్లగా వస్తా ఉండాయో!" అని నవ్వింది. ఆమెకు అప్పటికి తెలియదు. ఆయన స్టార్టరు దగ్గరికి ఉరికాడు. పైపు ఒకసారి దగ్గింది. గుప్పెడు నురుగు కక్కింది. ఆగింది. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత ఉత్త గాలి. స్టార్టరు ఆపి వేశాడు, వేసి ఆపాడు, మళ్లీ వేశాడు. బిందె సగం కూడా నిండలేదు. పూత ఎండి రాలిపోతుంటే మొగుడూ పెళ్లాం గట్టు మీద నిలబడి చూశారు. సోలారువాళ్లు కాగితాలు తెచ్చినప్పుడు ఆయన ఎదురు మాట్లాడకుండా సంతకం పెట్టడానికి కారణం ఆ రోజే.

"తెలుపు వేయను" అన్నాడు.

"పటంలో అట్లనే ఉండాది కదా?" అంది సుంకమ్మ.

"ఎండిపోయే నీళ్లను ఎవరైనా ఇంట్లో గోడకు పెట్టుకుంటారా? ఆ యమ్మ టౌను మనిషి, ఆమెకు తెలీదు. తెలిసి తెలిసి మనం చేయకూడదు. నిండునీళ్లు చేసిస్తా. ఆ ఇల్లు సల్లగుంటాది."

సుంకమ్మ తెలుపు డబ్బా పక్కకు జరిపింది. పై బండ నుంచి కింది మడుగు దాకా ఒకే ధార, లావుగా, నున్నగా దించాడు. దాని మీద లేత ఆకుపచ్చ గ్లేజు పూశాడు. బట్టీ నుంచి తీసినప్పుడు ఆ ధారలోంచి వెనక ఉన్న బండ కూడా కనిపిస్తున్నట్టే ఉంది. ఇంత మంచి పని ఆయన చేతి నుంచి అంతకుముందు రాలేదు. వేరుశనగ పొట్టు పోసిన పెట్టెలో పళ్లెం సర్ది, పసిబిడ్డను తీసుకుపోయినట్టు ఒళ్లో పెట్టుకుని పావగడ పోయాడు.

జలజ పొట్టు దులిపి, పళ్లెం గోడకు ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఏందప్పా ఇది, పైపులో నీళ్ల మాదిరి ఉండాది? నురుగేది?"

"నిండునీళ్లమ్మా. నిండుగా ఉంటే నురుగు రాదు."

"నీళ్లు పడతా ఉన్నట్టే లేవు గదప్పా. నిలబడిపోయినట్టుండాయి. చెట్లు బాగున్నాయిలే..." ఆయన ముఖం చూసి ఆమె గొంతు తగ్గించింది. మంచి మనిషే పాపం, కష్టపెట్టాలని కాదు. "ఇంకొక్కసారి చేసి చూడు. పటంలో ఉన్నట్టే చెయ్. నీతో కాదంటే చెప్పు, బెంగళూరు నుంచి తెప్పించుకుంటా. నువ్వేం బాధపడొద్దు."

బోరు సంగతి చెబుదామనుకున్నాడు. అద్దాల దీపాలు, ప్లాస్టిక్ పూలు వేలాడుతున్న ఆ కొట్టులో నిలబడి ఎండిన చేను గురించి ఎలా చెబుతాడు? పళ్లెం మళ్లీ పొట్టులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి తిన్నగా వసారాలోకి పోయి, సారె కింద మేకు ఊడదీయబోయాడు. సుంకమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీతో కాదన్నిందా ఆ యమ్మ?"

"కాదంటే బెంగళూరు నుంచి తెప్పించుకుంటాదంట."

సుంకమ్మకు కోపం ముంచుకొచ్చింది. "తెల్లనీళ్లు చేసేది నీకు రాదా? వాటిని నీకంటే బాగా చూసినోడు ఎవడున్నాడు ఈ తాలూకాలో? ఆ దినం నేను పాలు అని నవ్వినాను. నాకు తెలీక నవ్వినాను. అప్పటి నుంచి కొళాయిలో నీళ్లు తెల్లగా వచ్చినా బిందె పక్కకు తీసేస్తా. అయినా నేనే రంగు వేస్తా. నువ్వు కుర్చీలో కూర్చున్న నెల నేను చూసినాను. మళ్లా చూడలేను. తియ్ మట్టి."

ఆయన తీశాడు. బండలు పెట్టాడు, ఆమె ఆకులు గిల్లింది. నీళ్ల దగ్గర ఆయన పటం వైపు చూడలేదు. బొటనవేలే వెతుక్కుంటూ పోయింది. మొదట తెగిపోబోతున్న ధార. తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ఎగిరిన గుప్పెడు నురుగు. మళ్లీ ఖాళీ, మళ్లీ చివ్వున చిమ్మిన తుంపర, అది బండకు కొట్టుకుని చెదిరిన తీరు. సుంకమ్మ తెలుపు వేసింది. అయిపోగానే పళ్లెం మీద పాత చీర ముక్క కప్పి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మేకకు మేత వేయడానికి పోయింది.

బట్టీ తెరిచినప్పుడు గంగాధరప్ప ఆ పళ్లెం వైపు ఎక్కువసేపు చూడలేకపోయాడు. మోటారు శబ్దం చెవిలో పడ్డట్టయింది.

జలజ చూసీ చూడగానే చప్పట్లు కొట్టింది. "ఇదప్పా! ఇప్పుడు జీవం వచ్చినాది! నీళ్లు దూకుతా ఉండాయి, శబ్దం కూడా వినపడతాదేమో అన్నట్టుండాది. జలపాతం ఎప్పుడూ చూడలేదంటివే, మరి ఇది యాడ చూసినావు?"

"మా చేన్లో చూసినానమ్మా."

"మీ చేన్లోనా!" ఆమె పగలబడి నవ్వింది. క్యాతగానచెర్లులో జలపాతం అంటే ఎవరైనా నవ్వుతారు. ఆయనా నవ్వినట్టు ముఖం పెట్టాడు. "నువ్వూ తమాషా చేస్తావప్పా. సరే, ఇది మా హాలుకు. కొట్టుకు ఇంకా కావాల. దీపావళి లోపల ఎన్నయితే అన్ని చెయ్. అన్నీ అచ్చం ఇట్లనే ఉండాల సుమా, నీళ్లలో తేడా రాకూడదు."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కోరుకున్నది దక్కింది. సారె వసారాలోనే ఉంటుంది, పొద్దున లేస్తే చేతులకు పని ఉంటుంది. సంతోషపడాలని తనకు తాను చెప్పుకున్నాడు. ప్యానెళ్ల కంచె పక్కగా బస్సు పోతున్నప్పుడు, తన చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వెతికాడు. పోల్చుకోలేకపోయాడు.

ఇంటికి వచ్చేసరికి మొదటి పళ్లెం, జలజ వద్దన్న నిండునీళ్ల పళ్లెం, నీళ్ల బిందెలకు పైన గోడకు తగిలించి ఉంది. సుంకమ్మే తగిలించింది. ఆమె ఆయన ముఖం చూసింది.

"నచ్చినాది. ఇంకా చేయమనింది. అన్నీ అట్లనే ఉండాలంట."

"అన్నీ అదేనా?"

"అన్నీ అదే."

సుంకమ్మ మట్టి తడిపి, ముద్ద చేసి తెచ్చి సారె మీద పెట్టింది. ఆయన సారె తిప్పాడు. అది ఎప్పటిలాగే నున్నగా తిరిగింది.

"ఈసారి నీళ్లే ముందు చెయ్యి, ఆ బాధేదో ముందే అయిపోతాది" అంది ఆమె. "యాడి నుంచి మొదలుపెడతావు?"

గంగాధరప్ప తొట్టిలో చెయ్యి తడుపుకున్నాడు.

"పైపు దగ్గిన కాడి నుంచి" అన్నాడు.