పట్టపగలు రాయలవారి వేట

మా నాయన వీధి నాటకాల మనిషి. చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో భారతం జరిగితే ఆయన వేషం ఉండాల్సిందే. పగలు పొలం పని చేసుకుని, చీకటి పడగానే గజ్జెల మూట భుజాన వేసుకుని వెళ్లేవాడు. మనిషి పొట్టి. కానీ రాజు వేషం కట్టి, ఇద్దరు పట్టుకున్న తెర వెనకనుంచి అడుగు బయటపెట్టాడంటే ముందు వరసలో కాళ్లు చాచుకుని కూర్చున్నవాళ్లు గబుక్కున ముడుచుకునేవాళ్లు. ఆడపిల్లలకు ఆటలో చోటు లేదు. నేను తెర ఇవతల కూర్చుని పాటలన్నీ విని నేర్చుకున్నాను. పెద్దయ్యాక బస్సు కండక్టరునయ్యాను. నా గొంతు వెనక సీటు దాకా వినిపిస్తుందని డ్రైవర్లు మెచ్చుకునేవాళ్లు. ఆ గొంతు ఇంకో పనికి కూడా వస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు.

కొన్నేళ్లుగా ఆటలకు జనం తగ్గిపోయారు. ముసలివాళ్లు ముందు కూర్చుని కునికేవాళ్లు, పిల్లలు వెనక ఫోన్లు చూసుకునేవాళ్లు. ఒక ఆదివారం నాయన నా కూతురి పక్కన చేరి, అది ఫోన్లో చూస్తున్న సినిమా మొదటినుంచి చివరిదాకా కదలకుండా చూశాడు. కోరపళ్ల మనుషులు జనం మెడలు కొరికి నెత్తురు తాగుతున్నారు. ఎండ తగిలితే కాలి బూడిదవుతున్నారు. సినిమా అయిపోయాక ఆయన ఒక్కటే అడిగాడు.

"వీటిని సంపేదానికి ఆ దేశంలో రాజే లేడా?"

నా కూతురు నవ్వింది. ఆయన నవ్వలేదు. పంపు దగ్గర, అన్నం దగ్గర, గేదెకు గడ్డి వేస్తూ, ఎప్పుడు చూసినా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. మామిడికాయలు కోతకు వచ్చేనాటికి ఆయన కొత్త ఆట తయారైంది.

కథ చంద్రగిరి కోటలో జరుగుతుంది. ఏ రాయలు నాయనా అని అడిగితే, కోట ఉండాది, మహలు ఉండాది, రాయలవారంటే సాలదా అన్నాడు. పగలు కొలువులో రాయలు జనం మొర వింటాడు. మనుషులు తెల్లగా పాలిపోతున్నారనీ, పశువులు నిలబడలేక కూలిపోతున్నాయనీ పల్లెలనుంచి వచ్చి చెబుతారు. కొండల్లో రక్తపిశాచం దిగిందని ఆయనకు అర్థమవుతుంది. ఆ మాట బయటపెడితే జనం భయంతో ఊళ్లు వదిలి పారిపోతారు. అందుకే రాణికి కూడా చెప్పకుండా, మహలు వెనక వాకిలి నుంచి మామూలు రైతులా తలగుడ్డ చుట్టుకుని ఒంటరిగా వేటకు పోతాడు. తెల్లారేసరికి మళ్లీ సింహాసనం మీద ఉంటాడు. ఆ ఆటలో నాయనకు ప్రాణమైన మాట ఒకటుంది. "పగలు నేను రాజునని లోకానికంతా తెలుసు. రాత్రి నేను కావలివాణ్ణని మాత్రం ఎవరికీ తెలియరాదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి.

రక్తపిశాచం వేషానికి బజారు వీధిలో బట్టలు కుట్టే మామ ఒప్పుకున్నాడు. మాకు చుట్టం కాదు. వాళ్లు ముస్లింలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. అయినా నాయన, ఆయన ఒకే ఈడు పిల్లలుగా ఆటల్లో తిరిగినవాళ్లు. నన్ను కోడలా అనే పిలుస్తాడు. దయ్యానికి మోకాళ్ల దాకా వేలాడే ఎర్రగుడ్డ నాలుక, చేతుల కింద గబ్బిలం రెక్కలు తానే కుట్టుకున్నాడు. నిన్ను చూస్తే నాకే భయంగా ఉందని నాయన అంటే, ఇంకా పళ్లు పెట్టుకోలేదబ్బా అన్నాడు.

అంతలో నాయన గొంతు బొంగురుపోయింది. పాటలు పాడీ పాడీ ఒరుసుకుపోయిందని ముందు అనుకున్నాం. తిరుపతి ఆసుపత్రిలో గడ్డ అని తేల్చారు. ఆపరేషన్ చేసి మనిషిని దక్కించారు, గొంతు మాత్రం పోయింది. ఇంటికి వచ్చాక కొన్ని రోజులు గోడవైపు తిరిగి పడుకునేవాడు. గజ్జెల మూట అటకమీద పెట్టించాడు.

ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చి, వంటింట్లో బియ్యం కడుగుతూ ఏదో ధ్యాసలో రాయలవారి పాట అందుకున్నాను. వెనక అలికిడైతే తిరిగి చూశాను. నాయన గడపలో నిలబడి ఉన్నాడు. ఆపొద్దని చెయ్యి ఊపాడు. పాడాను. దగ్గరకు వచ్చి నా వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని పాట పూర్తయ్యేదాకా అలాగే ఉన్నాడు. మర్నాడు పొద్దున లేచేసరికి గజ్జెల మూట అటక దిగి నా మంచం పక్కన ఉంది.

నాకు చేతకాదని ఎంత చెప్పినా వినలేదు. దర్జీ మామను పిలిపించాడు. నాయన పెదాలు కదిపితే ఆయన చదివి నాకు చెప్పేవాడు.

"అరిసేది నీకు సేతనవును కోడలా. అడుగు మీ నాయన నేర్పిస్తాడంట. ఇంక నీకేం కావాల?"

మిద్దె మీద సాధన మొదలుపెట్టాం. పాట బాగానే వచ్చింది, కాళ్లే మొరాయించాయి. బస్సులో కుదుపులకు తట్టుకుని నిలబడటం అలవాటైన కాళ్లు, నేల కదలకపోతే ఏం చెయ్యాలో తెలియక తడబడ్డాయి. నాయన తొడమీద తాళం కొట్టేవాడు. తప్పితే కొట్టడం ఆపి ఆకాశంలోకి చూసేవాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. పాడేటప్పుడు మాత్రం వీపు మీద చెయ్యి పెట్టేవాడు. స్వరం జారితే వేళ్లు నొక్కేవి. నిలబడితే అరచెయ్యి మెత్తబడేది. ఆయన నాతో అంత మాట్లాడటం నా చిన్నప్పుడు కూడా లేదు.

పాకాల దారిలో ఒక ఊరి జాతరకు ఏటా నాయనే ఆడేవాడు. అక్కడి పెద్దమనిషిని అడగడానికి నేనూ, మామా వెళ్లాం. ఆయన పూర్వీకులు చంద్రగిరి కోటలో కొలువు చేశారని చెప్పుకుంటారు. కథ విని మొహం ముడుచుకున్నాడు.

"రాయలవారు సెరువులు తవ్వించినోడు, గుళ్లు కట్టించినోడు. ఆయన్ని దయ్యాల ఎనకాల తిప్పుతారా? అదీ ఆడమనిషి ఏషం కట్టి?"

ఆయన పెద్దరికానికి మర్యాద ఇస్తూనే నేను వెనక్కి తగ్గలేదు. "పగలు మన కష్టం విన్న రాజు, రాత్రి నిద్ర మానుకుని దాని కోసమే పోయినాడంటే ఆయనకేం తక్కువన్నా?" అన్నాను.

ఆయన కండువా భుజం మీదికి సర్దుకున్నాడు. చివరకు, రాత్రికి ఆర్కెస్ట్రా మాట్లాడుకున్నామనీ, కావాలంటే సాయంత్రం నాలుగ్గంటలకు ఆడుకోమనీ, ఎండాకాలం ఆ ఎండలో ఎవరొచ్చి కూర్చుంటారో చూసుకోమనీ చెప్పి లేచాడు. రాత్రి తిరిగే దయ్యం కథకు పట్టపగలు చోటిచ్చాడు. బస్సులో తిరిగి వస్తూ మామ దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు.

నాయన అప్పుడే అన్నం తినడం ముగించాడు. సంగతి చెప్పాం. చెయ్యి కడుక్కోకుండానే కంచం పట్టుకుని వాకిట్లోకి వెళ్లాడు. ఖాళీ స్టీలు కంచాన్ని ఎండకు పట్టి, మామ మొహం మీదికి తిప్పాడు. వెలుగు కళ్లల్లో పడి మామ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వెనక్కి తూలాడు. నాయన భుజాలు ఎగరేస్తూ చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. మాకు అప్పుడు వెలిగింది. అంతకుముందు ఆటలో రాయలు కత్తితో పొడిచి చంపేవాడు. ఇప్పుడు సూర్యుడే చంపుతాడు.

జాతర రోజు నాయన మధ్యాహ్నమే వెళ్లి పందిరి పడమటికి తిప్పించాడు. జనం వీపులకు ఎండ తగులుతుంది, మాకు ఎదురుగా పొద్దు ఉంటుంది. పందిరికి ముందువైపు, జనం చూపుకు అడ్డం రాకుండా ఎత్తున నల్లగుడ్డ చూరులా చాపి కట్టించి ఆటస్థలం అంతా నీడ చేయించాడు. ఆ గుడ్డ తాడు తన చేతికే చుట్టుకున్నాడు. నా మొహానికి రంగు కూడా ఆయనే వేశాడు. అద్దాలు పొదిగిన చెక్క కిరీటం, భుజకీర్తులు, ఎదమీది పతకం కట్టి, నన్ను ఒకసారి చుట్టూ తిప్పి చూసి, మీసం సరిచేశాడు.

తెర వెనక నిలబడ్డాను. మద్దెల మొదలైంది. తెర దింపారు. ఎదురుగా జనం పలచగా ఉన్నారు. ఎవరో గట్టిగా, "రేయ్, మన బస్సు కండక్టరమ్మ రా" అన్నారు. నవ్వులు లేచాయి. నా కాళ్లు ఆగిపోయాయి. పక్కకు చూస్తే నాయన తొడమీద తాళం వేస్తూనే ఉన్నాడు, ఆపలేదు. నేను అడుగు ముందుకేసి, రాజు గొంతుతోనే, "కొలువులో అందరికీ సోటుండాది. నిలబడినోళ్లు ముందుకు జరగండి" అన్నాను. ఈసారి నవ్వులు నా పక్షానికి తిరిగాయి. దూరంగా దుకాణాల దగ్గరున్నవాళ్లు కూడా నిజంగానే ముందుకు జరిగారు.

ఆ తర్వాత నేను ఎవరినీ చూడలేదు. మొర విన్నాను. రాణికి అబద్ధం చెప్పాను. తలగుడ్డ చుట్టుకుని కొండకు పోయాను. రాత్రి కావలివాణ్ణన్న నాయన మాట కూడా చెప్పాను. నా వీపు మీద ఎవరి చెయ్యీ లేకపోయినా గొంతు జారలేదు. మామ రెక్కలు విప్పి, ఎర్రనాలుక చాచి జనంలోకి దూకితే ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. అప్పటికి చెట్ల కింద, ట్రాక్టర్ల మీద, గోడల మీద ఎక్కడ చూసినా జనమే.

చివరి ఘట్టంలో కత్తి విరిగిపోతుంది. రాయలు పిశాచాన్ని మాటల్లో పెట్టి, పాటకు పాట కట్టి, తెల్లారేదాకా నిలబెడతాడు. నేను ఆఖరి చరణం అందుకుని చెయ్యెత్తాను. నాయన తాడు లాగాడు.

నల్లగుడ్డ జారిపడింది. వాలుతున్న పొద్దు నిండుగా పందిట్లోకి దూకింది. నేను పక్కకు తిరిగి భుజం విదిలించాను. నా ఒంటిమీద ఉన్న అద్దాలన్నీ ఒక్కసారి వెలిగి, వెలుగు ముక్కలు మామ మొహం మీద, రెక్కల మీద తేనెటీగల్లా ముసురుకున్నాయి. నేను గిర్రున తిరిగాను. నా కాళ్లు తాళం తప్పలేదు. మామ అరుస్తూ, మెలికలు తిరుగుతూ, ఎంతసేపటికో కూలిపోయాడు. జనమంతా లేచి నిలబడ్డారు. ఈలలు, చప్పట్లు, గోవింద నామాలు కలిసిపోయి మద్దెల వినిపించలేదు. ఒక ముసలమ్మ వేపమండ తీసుకుని పైకి వచ్చి, పడి ఉన్న మామకు రెండు తగిలించి, చచ్చినాడో లేదో వంగి చూసి మరీ దిగింది. మామ ఊపిరి బిగబట్టి పడుకున్నాడే గాని కన్ను తెరవలేదు.

జాతర పెద్దమనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నా ముందు నిలబడి, భుజం మీది కండువా తీసి నా మెడలో వేశాడు. తర్వాత నాయన వైపు తిరిగాడు.

"ఆర్కెస్ట్రా వొద్దంటాన్నారు జనం. రాత్రికి మళ్లా ఇదే ఆడాలన్నా."

నాయన తల అడ్డంగా ఊపాడు. వేలెత్తి పొద్దును చూపించాడు. పెద్దమనిషికి అర్థమై పగలబడి నవ్వాడు. సరే, రేపు నాలుగ్గంటలకే, చుట్టుపక్కల ఊళ్లకు దండోరా వేయిస్తానన్నాడు.

వ్యానులో చిత్తూరుకు తిరిగి వస్తుంటే దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. జిగురు ఎండి నా మీసం ఊడి రాలేదు. నాయన నా తలమీది కిరీటం విప్పి తను పెట్టుకుని, కొట్టు ముందు బెంచీ మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. అక్కడ టీ తాగుతున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. ఆయన వాళ్లందరినీ కూర్చోమనీ, తన టీ తెమ్మనీ చేత్తో సైగ చేశాడు.