మగ్గానికి చేసిన వైద్యం

ఎమ్మిగనూరులో మా మగ్గం బరువెక్కిందని మా ఆయన అన్నప్పుడు ఇంటిల్లిపాదీ నమ్మాం. పెళ్లయిన కొత్తలో పొద్దంతా నేసినా అలసిపోని మనిషి, మధ్యాహ్నానికే చేతులు వేలాడేసుకుని కూర్చునేవాడు. వడ్రంగిని పిలిపించి తొక్కుడు చెక్కలు చిత్రిక పట్టించాం. నేను ఆముదం రాశాను. మా అత్త నిమ్మకాయలు కట్టి మగ్గానికి దిష్టి తీసింది. అయినా బరువు తగ్గలేదు.

మా ఇంట్లో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టేవాళ్లే గాని, మగ్గం గుంటలో దిగి నేసేవాళ్లు కాదు. ఆముదం వృథా అవుతోందని ఒకరోజు నేనే దిగి తొక్కి చూశాను. మగ్గం చక్కగా ఆడింది.

"మగ్గం బాగుండాది. నీకే బాగలేదు. ఆదోనికి పోదాం పా," అన్నాను.

ఆదోని డాక్టరు ఆయన చేతులు నొక్కి చూశాడు. "గడ్డం ఎన్నాళ్లకు గీయించుకుంటాండావప్పా?"

"గడ్డం మొలిస్తే కదా! మంగలి మా ఇంటి దారే మరిసిపోయినాడు సార్."

అదొక ఆదా అనుకున్నాను నేను.

మగవాళ్ల ఒంట్లో ఊరే రసం ఒకటి తగ్గిందని, అందుకే కండ కరిగిందని, సూదులు వేయాలని డాక్టరు చెప్పాడు. బయటికి రాగానే మా ఆయన, "మే, ఈ మాట ఊర్లో తెలిస్తే తలెత్తుకోలేను. సూదులొద్దు, మగ్గం అమ్మేద్దాం," అన్నాడు.

"జరానికి సూది ఏసుకుంటే లేని సిగ్గు దీనికేమప్పా? కండ పట్టేదాకా నేను నేస్తా. నువ్వు కండెలు సుట్టు."

సూదులు వేయించుకున్నాడు. ఆయన చుట్టిన మొదటి కండెలు వదులుగా ఉన్నాయి. విప్పించి మళ్లీ చుట్టించాను.