నేను మొలిపించిన ఎడమ చెయ్యి

పోయిన చెయ్యిని మళ్ళీ మొలిపించిన ప్లీడర్ని ఈ జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే అయివుంటాను. తొందరపడి మెచ్చుకోకండి. ఆ చెయ్యి మొలవడంతో ఒక కుటుంబం నోటికాడి కూడు పోబోయింది.

యాభై ఏడులో ఫ్లూ జ్వరం నరసరావుపేటను పట్టుకుంది. మా సీనియరు గారు వెంటనే కొత్త చట్టం చేశారు. కక్షిదారుడు గుమ్మం దాటరాదు. కిటికీ అవతలే నిలబడాలి. కొస చీల్చిన వెదురుకర్రకు కాగితాలు తగిలించి అందించాలి. నేను నీలగిరి తైలం పూసిన తువ్వాలు ముక్కుకు కట్టుకుని బందిపోటులా లోపల కూర్చునేవాణ్ణి. ప్లీడరునై ఆరు నెలలే అయినా, నా తెలివి మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

మాచర్ల దగ్గర రాళ్ళ క్వారీలో కూలి చేసే యేసోబు, భార్య మరియమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. బండ మీదపడి అతని ఎడమ చెయ్యి నలిగిపోతే ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. యజమాని పరిహారం ఇవ్వనన్నాడు. దరఖాస్తు గడువు ఆ వారంతో ఆఖరు.

"కాయితంలో ఏంది రాశారయ్యా?" అంది మరియమ్మ.

"ఎడమ చెయ్యి పోయిందనీ, పరిహారం ఇప్పించమనీ. అతన్ని వేలిముద్ర వెయ్యమను" అంటూ కాగితాన్నీ సిరా డబ్బానీ కర్ర మీద సాగనంపాను. అవతల ఎవరో దగ్గారు. నేను గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను.

కాగితం తిరిగొచ్చింది. మగవాళ్ళ చేత ఎడమ బొటనవేలి ముద్ర వేయించడం మా వాడుక. అలవాటుపడ్డ నా పెన్ను ముద్ర కింద దానంతటదే రాసేసింది: "యేసోబు ఎడమచేతి బొటనవేలి ముద్ర." అతనికి ఎడమ చెయ్యి లేదని పైన రాసిందీ ఆ పెన్నే!

విచారణ రోజుకి సీనియరు గారు ఫ్లూతో మంచమెక్కారు. గుంటూరులో, కూలీల పరిహారం కేసులు విచారించే కమిషనరు ముందు నేనొక్కణ్ణే నిలబడ్డాను. యజమాని తరఫు ప్లీడరు లేచాడు.

"అయ్యా, లేని చేతికి బొటనవేలు ఎక్కడిది? ఈ ముద్ర వేరేవాళ్ళది. దొంగ దరఖాస్తు, కొట్టెయ్యండి."

గడువు ఎప్పుడో దాటిపోయింది. కొట్టేస్తే మళ్ళీ వేసే దారి లేదు.

"ముద్ర వేస్తుంటే నువ్వు చూశావా?" అన్నారు కమిషనరు.

"చూశానండీ."

"ఎడమ వేలే చూశావా?"

వెనక మరియమ్మ ఏడుపు వినిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"చూళ్ళేదండీ. జ్వరం అంటుకుంటుందని గోడకేసి తిరిగాను. తప్పు నాదండీ, అతనిది కాదు."

కమిషనరు భూతద్దం తెప్పించారు. "అతని కుడి వేలి ముద్ర ఇప్పుడే నా ముందు తియ్యి. చెయ్యి నువ్వే పట్టుకో."

పట్టుకున్నాను. రాళ్ళు మోసి మోసి అరిగిన ఆ వేలికి గీతలే సరిగ్గా లేవు. కమిషనరు ఒక ముద్ర చూశారు, రెండోది చూశారు, మళ్ళీ మొదటిదానికి వచ్చారు. గదిలో ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు.

"రెండింట్లోనూ వేలికి అడ్డంగా ఒకటే గాటు. ఇది ఇతని కుడి వేలే" అన్నారాయన. నా చేత తప్పు దిద్దించి, సంతకం పెట్టించి, పరిహారానికి ఉత్తర్వు రాశారు.

బయటికి రాగానే యేసోబు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. దణ్ణం పెడతాడేమోనని నేను మొహమాటంగా నవ్వాను.

"అయ్యా, ఆ బండకి కళ్ళు లేవు, ఒక చెయ్యే తీసింది. మీకు రెండు కళ్ళుండి రెండోది గూడా తీసేవోళ్ళు గదా!"

కనుక, నా నల్లకోటు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫ్లూ వచ్చినా, కలరా వచ్చినా, ఆ రెండూ చేతులు పట్టుకుని కలిసివచ్చినా సరే, మనిషి చెయ్యి నా చేత్తో పట్టి చూడకుండా అది ఏ చెయ్యో ఈ జన్మలో రాయను.