కోడలి మాత్రలు

మా ఇంట్లో ఏదీ ఒకరిదే కాదు. ఒక జొన్నరొట్టె ఉంటే విరిచి పెట్టడం, ఒక దుప్పటి ఉంటే ఇద్దరికీ కప్పడం, నాకు తెలిసిన సంసారం అంతే. మూడో తరగతి దాకా చదివాను. ఆ చదువు వల్లే కోడలి మందుల కార్డులో రోజూ సంతకం పెట్టే పని నాకు పడింది.

కొడుకూ కోడలూ కోసిగి నుంచి బెంగళూరు కట్టడం పనులకు పోయి, ఇద్దరూ దగ్గుతో తిరిగొచ్చారు. క్షయ అన్నారు. మామూలు మందులకు లొంగని మొండి రకం అన్నారు. కర్నూలులో ఒక చోట కొత్త మందును పరీక్షిస్తున్నారని, ఏళ్ల వైద్యం నెలల్లో అయిపోవచ్చని చెప్పి పంపితే ఇద్దరినీ తీసుకుపోయాను. రక్తం తీశారు, దగ్గి ఊసిన గళ్లను డబ్బీల్లో పట్టారు. కోడలిని చేర్చుకున్నారు. కొడుకును వద్దన్నారు.

"అవ్వా, నీ కొడుకు కాలేయం బాగా చెడిపోయింది. ఈ మందు అతను తట్టుకోలేడు. పాత మందులే జాగ్రత్తగా ఇస్తాం," అంది డాక్టరమ్మ.

నేను నమ్మలేదు. సరుకు తక్కువైనప్పుడు అంగట్లో శెట్టి కూడా ఏదో ఒక సాకు చెప్తాడు. ఖరీదైన మందు ఒక ఇంటికి రెండు వాటాలు ఎందుకిస్తారు? తాగుబోతు గదా అని తీసిపారేశారనీ అనుకున్నాను.

పాత మందులు వాడికి కడుపులో నిలవలేదు. వాంతులకు తాళలేక మానేశాడు. దగ్గితే రక్తం పడేది. కోడలు మాత్రం నెల తిరగకముందే లేచి బోకులు తోమింది. ఆమెను చూసి నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

రోజుకు నాలుగు మాత్రలు. డబ్బా నా దగ్గరే ఉండేది. ఒక పొద్దున రెండు ఆమె చేతిలో పెట్టి, రెండు వాడి చేతిలో పెట్టాను.

కోడలు అరచెయ్యి చూసుకుంది. "నాలుగు కదత్తా?"

"నీకు నయమైతాండాది కదమ్మే. వాడు యాడికి పోవల్ల?"

కొడుకు పెండ్లాం వైపు తిరిగి నవ్వాడు. "రొట్టెలో అయిపాయ, ఇంగ మందులో గూడ నీ పాలు గుంజుకుంటాండా."

"గుంజుకో. బతికితే సాలు," అని ఆమె నీళ్ల చెంబు అందించింది.

కార్డులో నాలుగుకే సంతకం పెట్టాను. ఖాళీ అట్టలు ఒక్కటి పోకుండా తీసుకుపోయి అప్పజెప్పేదాన్ని. అందరూ నీ మాదిరి ఉంటే మాకు పని తేలికవ్వా అని నర్సు మెచ్చుకుంది కూడా.

కొన్ని వారాలకు కొడుకు కళ్లు పసుపు పచ్చగా తిరిగాయి. కడుపు ఉబ్బింది. ఆదోని ఆసుపత్రికి చేర్చేసరికి తెలివి లేదు. ఏ మందులు వాడుతున్నాడని అక్కడ అడిగితే పాత మందుల చీటీ చూపించాను. మూడో రోజు పోయాడు. "తాగి తాగి పాయనప్పా," అన్నారు వీధిలో. అననిచ్చాను.

ఆ తర్వాత కోడలికి నాలుగూ ఇచ్చాను. కానీ తరువాతి పరీక్షలో, పోయాయనుకున్న క్రిములు ఆమె గళ్లలో మళ్లీ కనిపించాయి. డాక్టరమ్మ పోయిన నెల రక్తపరీక్ష కాగితం ముందు పెట్టుకుంది.

"నీ రక్తంలో మందు ఉండాల్సినంత లేదమ్మా. సరిగ్గా మింగావా?"

"మింగినా మేడమ్. దినామూ నాలుగు."

"అన్నీ మింగినా పనిచేయలేదంటే ఈ మందు నీకు ఆపేయాలి. దీని తర్వాత ఇవ్వడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేవు. మింగలేదంటే దారి వేరే ఉంది. నిజం చెప్పు."

"మింగినా మేడమ్."

కోడలు నా వైపు చూడలేదు. మొగుడు పోయి నెల కాలేదు. నన్ను దాచడానికి తన ప్రాణం అడ్డం పెడుతున్నది. నేను నోరు తెరిస్తే, కొడుకుకు నా చేత్తో ఏం పెట్టానో నేనే చెప్పుకోవాలి.

"రెండే మింగింది తల్లీ," అన్నాను. "కడమ రెండూ నేను నా కొడుక్కు పెట్టినా."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఇప్పుడెట్లున్నాడు?"

"లేడు."

"పచ్చకామెర్లా?"

తల ఊపాను.

"వద్దని చెప్పాను కదా అవ్వా."

"చెప్పినావు. నేనే నమ్మల్యా."

అంతా రాసుకుంది. రాయకపోతే నింద మందు మీద పడుతుందట, ఆ మందు అందవలసిన వాళ్లకు అందదట. కోడలిని ఆ కొత్త మందు పరీక్ష నుంచి తీసేశారు. సగం సగం తిన్నందున క్రిములు కొత్త మందుకూ మొండికెక్కి ఉండొచ్చని, వాటిని ల్యాబులో పెంచి ఏ మందుకు చస్తాయో చూడాలని, దానికి వారాలు పడతాయని, తేలగానే ఫోను చేస్తామని చెప్పారు. అంతవరకు వేరే మాత్రలు ఇచ్చారు.

బస్సులో కోడలు, "ఎందుకు చెప్పినావత్తా? నిన్ను పోలీసులకు పట్టిస్తారేమోనని భయపడితి," అంది.

"పట్టిస్తే పట్టించనీ. బియ్యం ధర పైసా పెరిగినా ఊరంతా చాటేదానివి, ఈడ నిజం దాస్తివే."

ఆమె నవ్వలేదు. కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు మాత్రల డబ్బా ఆమె పెట్టెలోనే ఉంటుంది. నన్ను ముట్టనివ్వదు. అదే న్యాయం. పొద్దున నా ఎదురుగా నిలబడి ఒక్కొక్కటే మింగుతుంది. అన్నీ అయ్యాక నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపిస్తుంది. నేను అడగలేదు.

"చూడత్తా," అంటుంది.

చూస్తాను. కర్నూలు నుంచి ఫోను ఇంకా రాలేదు.