బుడగ మీద అరచెయ్యి

డెబ్బైల్లో నేను ఒక పిల్లల పత్రికకు బొమ్మల కథలు గీసేవాణ్ణి. ఓసారి వికారాబాద్ నుంచి హైదరాబాదు వెళ్లే ప్యాసింజరులో, నిజాం చివరి రోజుల్లో ఊళ్ల మీద జరిగిన దాడుల కథకు వేసిన బొమ్మలు సరిచూసుకుంటున్నాను. మంటలు, పరుగెత్తే జనం, ప్రతి నోటి దగ్గరా ఒక మాటల బుడగ. బాగా కుదిరిందని కాస్త గర్వంగానే ఉంది.

ఎదురుగా కూర్చున్న ముసలమ్మ ముందుకు వంగి చూసింది.

“గిదేంది బిడ్డా, పోరి మూతికాడ తెల్లగ?”

“కేకండి. నిజాం కాలంలో ఊరి మీద దాడి జరిగితే ఆ పిల్ల భయపడి అరుస్తోంది.”

“ఎవరు అరిసిండ్రు?” అంది కోపంగా. “మేం జొన్నచేన్ల దాక్కున్నం. నా బిడ్డ ఏడ్వకుంట మూతి గట్టిగ మూసి పట్టుకున్న. జర చప్పుడైనా అందరం సస్తుంటిమి.”

“పాపకి ఏమీ కాలేదు కదండీ?”

ఆమె బొమ్మలోని బుడగ మీద అరచెయ్యి మోపి, హఫీజ్‌పేట్‌లో దిగేదాకా తియ్యలేదు.

ఆ పేజీలో బుడగలన్నీ చెరిపేసి పత్రికకు ఇచ్చాను. మాటలు అచ్చు వెయ్యడం మర్చిపోయారా అని పాఠకులు ఉత్తరాలు రాశారు.