బాక్సుకు మాట పడిపోయిన రోజులు

ఇరవయ్యారేళ్లు బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన మనిషి ఆమె. అసలు పేరు కార్డుల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ కండక్టరమ్మే. ఉద్యోగంలో ఉన్నప్పుడు వెనక తలుపు దగ్గర ఎవరెక్కారో, ఎవరు టికెట్ తీసుకోకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారో మెడ తిప్పకుండానే చెప్పేది.

చూపు పోవడం కూడా ఆ బస్సులోనే మొదలైంది. ముందు పక్కలు పోయాయి. మనుషులు ఉన్నట్టుండి గాల్లోంచి ఊడిపడ్డట్టు ఎదురుగా వచ్చేవాళ్లు. భుజాలు తగిలేవి, కాళ్లు తొక్కేది, మాటలు పడేది. "నీటికాసులు. ముందే రావాల్సిందమ్మా" అన్నాడు కంటి డాక్టరు. ముందే వెళ్లడానికి ఆమెకు సెలవెక్కడిది? డిపోలో రెండేళ్లు కూర్చోబెట్టి ఏవో కాగితాలు ఇచ్చారు. కాగితాల మీద అక్షరాలు కూడా మాయమయ్యాక ఇంటికి పంపేశారు.

ఇంట్లో ఇద్దరే. ఆమె భర్త ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాడు. రోగుల దుప్పట్లు, ఆపరేషన్ గౌన్లు ఆవిరి మిషన్ల మీద ఇస్త్రీ చేయడం ఆయన పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలువుకాళ్ల ఉద్యోగం. ఇంటికొచ్చేసరికి పిక్కలు రాళ్లలా ఉండేవి. గోరువెచ్చటి నీళ్ల బకెట్లో పాదాలు పెట్టుకుని, టీవీ ముందు కుర్చీలో కూలబడేవాడు. ఆమె కోసమే కూర్చునేవాడు. ఆయనకు టీవీ మీద మోజేమీ లేదు.

సీరియల్ నడుస్తుండగా మాటలు ఆగిపోయి, ఢమఢమా వాద్యాలు మోగినప్పుడు ఆమె అడిగేది.

"ఇప్పుడేం జరుగుతోందండీ?"

"ఏం లేదు. చూసుకుంటున్నారు."

"ఎవరు?"

"అందరూ."

రెండు నిమిషాల తర్వాత మళ్లీ అడిగేది. ఈసారి జవాబుగా గురక వినిపించేది. అలా ఆయన నిద్రలో ఉన్న ఒక సాయంత్రం సీరియల్లో పెద్దకోడలు మేడ మెట్ల మీంచి పడి చనిపోయింది. ఆ సంగతి కండక్టరమ్మకు నాలుగు రోజుల దాకా తెలియలేదు. కోడలి మాట వినపడకపోతే పుట్టింటికి వెళ్లిందేమో అనుకుంది. తెలిసిన రోజు భర్త మీద విసుక్కుంది. ఆయన పాదాలు తుడుచుకుంటూ, "చచ్చిపోయినావిడ ఎలాగూ రాదు కదే, నాలుగు రోజులు ఆలస్యంగా తెలిస్తే ఏమైంది" అన్నాడు. నవ్వొచ్చింది గాని ఆమె నవ్వలేదు. అడిగే తనకూ అలసటే, చెప్పే ఆయనకూ అలసటే.

మాట్లాడే సెట్‌టాప్ బాక్సు ఉందని ఆమెకు చెప్పింది మాస్టారు. ఆయన లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కంటి ఆసుపత్రి బెంచీ మీద పరిచయం. ఆయనకూ నీటికాసులే. భార్య పోయి ఒక్కడే ఉంటున్నాడు. "రిమోట్ నొక్కితే ఏ ఛానెలో, ఏ కార్యక్రమమో అదే చదువుతుందమ్మా. ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాడు. ఆ చివరి మాట ఆమె మనసులో దిగబడిపోయింది. ఆ నెలలోనే బాక్సు ఇంటికొచ్చింది. తెచ్చి బిగించినవాడు వాయిస్ గైడ్ అనేదాన్ని ఆన్ చేసి వెళ్లాడు.

బాక్సులో ఆడగొంతు. రైలు తప్పిపోతుందన్నట్టు గడగడా చదివేసేది. తెలుగు పొడి అక్షరాలు కనిపిస్తే చాలు, తడబడేది. "రా. 8.30" అని ఉంటే, "రా ఎనిమిది పాయింట్ మూడు సున్నా" అనేది. మొదటిసారి విన్నప్పుడు భర్త, "ఎవర్నే రమ్మంటోంది?" అన్నాడు. వారం తిరిగేసరికి ఆమెకు ఆ గొంతు అలవాటైపోయింది. ఛానెళ్లు తనంతట తానే తిప్పుకునేది. వార్తలు విసుగొస్తే పాటలకు, పాటలు విసుగొస్తే వంటలకు. ఎన్నేళ్ల తర్వాతో తనకు నచ్చని దాన్ని తన బొటనవేలితో తనే తీసిపారేసింది.

ఒక నష్టం మాత్రం జరిగింది. బాక్సు వచ్చాక ఆయన టీవీ ముందు కూర్చోవడం మానేశాడు. లోపలి గదిలో నడుం వాల్చేవాడు. తెర మీదికి ఎవరొచ్చారని అడిగితే, "నీ పిల్ల చెప్తుందిగా" అని లోపల్నుంచే అనేవాడు. పిల్ల అది చెప్పదు. ఛానెల్ పేరు చెబుతుంది, కార్యక్రమం పేరు చెబుతుంది. తెర మీద ఎవరు ఏడుస్తున్నారో దానికీ తెలియదు. ఆ మాట ఆయనకు చెప్పాలనుకుంది, చెప్పలేదు. మంచం కిర్రుమన్న చప్పుడులో ఆయన నడుం ఎంత నొప్పిగా ఉందో ఆమెకు తెలిసేది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాక, ఒక పొద్దున బాక్సుకు మాట పడిపోయింది.

టీవీ పాడుతూనే ఉంది. రిమోట్ నొక్కితే ఛానెల్ మారుతూనే ఉంది. పేరు చదివే గొంతు మాత్రం లేదు. తీగ పీకి పెట్టింది, బ్యాటరీలు తీసి తుడిచి వేసింది. సాయంత్రం ఆయన వచ్చి తెర చూశాడు. "ఏదో అప్‌డేట్ అయిందట. రూపం మొత్తం మార్చేశారు" అని ఏదో నొక్కాడు. తెర మీది రాతంతా ఎవరికీ రాని భాషలోకి మారిపోయింది. దాన్ని వెనక్కి తేవడానికి అరగంట పట్టింది. చొక్కా వెన్నంతా తడిసిపోయి, "ఇంక నా వల్ల కాదే" అన్నాడాయన.

మర్నాడు కంపెనీకి ఫోన్ చేసింది. రికార్డు గొంతులు మూడు దాటాక మనిషి పలికింది.

"మేడమ్, స్క్రీన్ మీద ఎడమవైపు పైన ఒక నంబర్ కనిపిస్తుంది, చెప్తారా?"

"నాకు కనపడదమ్మా. చూపు లేదు."

"ఓకే మేడమ్, అర్థమైంది. అయితే స్క్రీన్ మధ్యలో నీలం గడి ఉంది కదా..."

మూడు రోజుల్లో నాలుగుసార్లు చేసింది. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి అదే కథ. నాలుగో మనిషి, ఆమెది కూడా అలిసిపోయిన గొంతే, "మీ ఇంట్లో చూపున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో ఫోన్ చేయించండి మేడమ్" అంది. కండక్టరమ్మ ఫోన్ పెట్టేసింది. వాయిస్ గైడ్ పెట్టుకోవాలంటే మెనూ కనిపించాలి. మెనూ కనిపించేదైతే వాయిస్ గైడ్ దేనికి? ఈ సంగతి ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు.

ఆ ఫోన్లలో ఎవరో రాసుకున్న కంప్లయింట్ మీద నాలుగో రోజు మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి అని అడుగుల బరువును బట్టి పోల్చుకుంది. మూడంతస్తులెక్కిన ఆయాసంతోనే టీవీ పెట్టి చూశాడు.

"బొమ్మ బాగానే వస్తోంది కదమ్మా."

"బొమ్మ వచ్చి నాకేం లాభం తమ్ముడూ. మాట రావట్లేదు."

"మాట కూడా వినిపిస్తోంది కదా."

ఆమె ఓపిగ్గా విడమరిచి చెప్పింది. అతను ఆ వాయిస్ గైడ్ అనేదాన్ని ఎప్పుడూ చూడలేదట. సాఫ్ట్‌వేర్ సంగతి పైవాళ్లదట. ఫోనుకు నాలుగంకెల నంబరు వస్తుంది, అది చెబితే ఈ కంప్లయింట్ మూసేసి, ఇంకోటి పెట్టిస్తానన్నాడు.

"అది మాట్లాడాకే చెప్తా" అంది ఆమె.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోను, అదీ మాట్లాడే ఫోనే, వచ్చిన సందేశాన్ని నాలుగంకెలతో సహా గదంతా వినపడేలా చదివేసింది.

అతను విన్నాడు. విన్నాడని ఆమెకూ తెలుసు. ఆ అంకెలు కొట్టుకుని మెట్లు దిగిపోతే ఆమె చేయగలిగింది ఏమీ లేదు. అతను మాత్రం ఒక నిట్టూర్పు విడిచి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇవాళ ఇంకా ఏడిళ్లున్నాయమ్మా నాకు" అన్నాడు. అని రిమోట్ అందుకున్నాడు.

ఆమె టీ పెట్టి తెచ్చేసరికి అతను మెనూల్లో ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు. "ఇదిగో, దీన్ని తీసుకెళ్లి ఎక్కడో చీకటి కొట్లో పడేశారమ్మా" అన్నాడు చివరికి. గది మధ్యలో ఆ తొందర గొంతు పలికింది. "వాయిస్ గైడ్. ఆన్."

ఆమె వెంటనే, "ఇప్పుడు ఆపెయ్ తమ్ముడూ" అంది.

"ఏంటమ్మా, ఇప్పుడే కదా పెట్టింది."

"రేపు మళ్లీ పోతే నువ్వు రావాలి, నేను నాలుగు ఫోన్లు చేయాలి. ఆపి నా చేత పెట్టించు. దారి చెప్పు చాలు."

అతను చెప్పాడు. మెనూ బటన్. కిందికి ఆరు. కుడికి ఒకటి. మళ్లీ కిందికి మూడు. ఓకే. ఆమె నొక్కింది, రాలేదు. మళ్లీ నొక్కింది, రాలేదు. అతనికి అర్థం కాలేదు. "నువ్వు కళ్లు మూసుకుని నొక్కి చూడు" అంది ఆమె. అతను నిజంగానే కళ్లు మూసుకున్నాడో లేదో ఆమెకు తెలియదు గాని, రెండుసార్లు తప్పాడు. అప్పుడు బయటపడింది సంగతి. కొత్త అప్‌డేట్ తర్వాత బాక్సు మందగించింది. గబగబా నొక్కితే ఆరింట్లో నాలుగే లెక్కలోకి తీసుకుంటోంది. ఒక్కో నొక్కుకూ, "ఒకటీ రెండూ" అనుకునేంతసేపు ఆగాలి. అలా ఆగి ఆగి నొక్కితే మొదటిసారే పలికింది. మూడుసార్లు ఆపి, మూడుసార్లు పెట్టింది. అప్పుడు ఫోను మళ్లీ తీసి నంబరు చెప్పింది.

"ఇందాకే విన్నానమ్మా" అన్నాడతను, బ్యాగు భుజాన వేసుకుంటూ.

"తెలుసు" అంది ఆమె.

అతను వెళ్లాక మాస్టారు గుర్తొచ్చాడు. ఆయన బాక్సుదీ ఇదే గతి అయ్యుంటుంది. ఫోన్ చేసింది. అవునన్నాడు. ఆ అప్‌డేట్ ఆయన బాక్సుకు ముందే వచ్చి మూడు వారాలైందట.

"మరి ఎవరికీ చెప్పలేదా మాస్టారూ?"

"ఒకసారి చేశానమ్మా. స్క్రీన్ మీద నంబరు చెప్పమన్నారు. టీవీ మానేశాను. పేపరు మానేశాను కదా, ఇదీ అలాగే" అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు. ఊరికే ఒక లెక్క కొట్టేసినట్టు చెప్పాడు. ఆమెకు అందుకే భయం వేసింది. ఒక్కొక్కటే మానేసుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది?

"రిమోట్ చేతిలోకి తీసుకోండి" అంది.

"ఇప్పుడెందుకులేమ్మా."

"తీసుకోండి మాస్టారూ."

ముప్పావుగంట పట్టింది. ఆయనకు చెయ్యి వణుకు. ఒక్క నొక్కు రెండుగా పడేది. పడ్డప్పుడల్లా మళ్లీ మొదటికి. పిల్లలకు ఎక్కాలు చెప్పిన మనిషి కదా, తను చెబుతున్న అంకెల్ని ఆయన బుద్ధిగా తిరిగి చెబుతుంటే ఆమెకు ఇబ్బందిగా అనిపించింది. మధ్యలో రెండుసార్లు "వదిలెయ్యమ్మా" అన్నాడు. ఆమెకూ ఒకసారి వదిలేద్దామనిపించింది. మెడ పట్టేసింది, పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. లేచి పొయ్యి ఆర్పి వచ్చి మళ్లీ లెక్కపెట్టించింది.

ఫోనులోంచి, దూరంగా, "వాయిస్ గైడ్. ఆన్" అని వినిపించింది.

మాస్టారు ఛానెళ్లు తిప్పడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ పూర్తిగా చదవనిచ్చి, తర్వాతది. వార్తలు, పాటలు, పిల్లల బొమ్మలు, ఎవరూ చూడని ఏవేవో ఛానెళ్లు. చేతిలో ఫోను ఉన్న సంగతే మర్చిపోయాడు. ఆమె కొంతసేపు విని, చప్పుడు కాకుండా పెట్టేసింది.

తర్వాత కంపెనీకి ఐదోసారి ఫోన్ చేసి ఆ దారి రాసుకోమంది. ఎత్తినామె మర్యాదస్థురాలు. "ఇలాంటివి రాయడానికి మా ఫారంలో చోటు లేదు మేడమ్" అంది. ఆ వెంటనే, "ఉండండి, కాగితం మీద రాసుకుంటా. మీ నంబరు ఎవరికైనా ఇవ్వొచ్చా?" అని అడిగింది. ఆమె సరేనంది. ఇచ్చినప్పుడు కదా చూద్దామనుకుంది.

ఆ కంపెనీ ఆవిడ నిజంగానే ఇచ్చింది. వారానికి ఒకరో ఇద్దరో చేస్తున్నారు. కొందరు వినయంగా మాట్లాడతారు, కొందరు ఈమె కంపెనీ మనిషే అనుకుని తిడతారు. ఒకావిడ ఒకే నెలలో నాలుగుసార్లు అదే అడిగింది. "జీతం లేని ఉద్యోగం తగిలింది నీకు" అంటాడు భర్త. అయినా ఆమె ఫోనులో ఉంటే వంటింట్లోకి ఆయనే వెళ్తాడు.

మొన్న మళ్లీ అప్‌డేట్ వచ్చింది. ఈసారి ఆమె కంపెనీకి ఫోన్ చేయలేదు. ఆదివారం ఆయన్ను టీవీ ముందు కూర్చోబెట్టుకుంది. ఆయన తెర చూసి అక్షరాలు కూడబలుక్కుంటూ చెబుతుంటే ఆమె నొక్కింది. ఆరు కాస్తా తొమ్మిదైంది, కుడివైపు వెళ్లడం తీసేశారు. దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాత మాస్టారుతో మొదలుపెట్టి పదకొండు మందికి ఒక్కొక్కరికే ఫోన్ చేసి చెప్పింది. రెండు రోజులు పట్టింది. ఏడో మనిషి దగ్గరికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. భర్త మిరియాలు వేసి కాచిన పాలు తెచ్చి చేతికిచ్చి, "మిగతావాళ్లకు రేపు చెబుదువుగాని" అన్నాడు.

"ఇంకా నలుగురే" అని ఆమె తర్వాతి నంబరు నొక్కింది.