మస్తానన్న పోగొట్టిన స్పానర్

నిన్న పొద్దున ఫోన్ తెరవగానే మా పాత దుబాయ్ గ్రూపులో ఒక్క లైన్.

"స్పానర్ మస్తాన్ ఇక లేరు." పక్కన రెండు దండం బొమ్మలు.

పోయిన వారమే ఫోన్ చేసి, నేను పెట్టిన ఏదో పోస్టు మీద నాతో గంట సేపు పోట్లాడాడు. అంత గొంతు ఎలా ఆగిపోతుంది?

తర్వాత కింద కామెంట్లు చూశాను. "మంచివాడే, కాకపోతే పనిలో కాస్త అజాగ్రత్త." ఒకాయన నవ్వు బొమ్మ కూడా పెట్టాడు.

అక్కడ నాకు ఒళ్లు మండింది.

ఇన్నేళ్లు నోరు మూసుకున్నాను, ఆయన మూసుకోమన్నాడు కాబట్టి. ఇవాళ మూసుకోను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. మస్తానన్నది నెల్లూరు. మన ఎయిర్‌ఫోర్స్‌లో ఫిట్టర్‌గా చేసి, బయటికొచ్చాక, ఎనభైలలో దుబాయ్ చేరాడు. అక్కడి యుద్ధ విమానాలు బాగుచేసే ఒక కాంట్రాక్ట్ కంపెనీలో పని. ఆ కంపెనీ స్టోర్స్‌లో నేను కుర్ర క్లర్క్‌ని. సత్వా పేటలో ఇద్దరికీ ఒకే గది, ఒకే గిన్నెలో చేపల పులుసు.

ఆ ఫైటర్లు వయసులో నా కంటే పెద్దవి.

ఫలానా స్పేర్ పార్ట్ పంపండి అని విమానాలు తయారుచేసే కంపెనీకి నేను టెలెక్స్ కొడితే, దాని తయారీ ఎప్పుడో ఆపేశాం అని జవాబు. కొత్త విమానాలకి ఆర్డర్ ఇచ్చారు. వస్తున్నాయి, వస్తున్నాయి, ఎప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఈలోగా ఆకాశం ఖాళీగా ఉండకూడదు కదా. అందుకని ఒక విమానాన్ని హ్యాంగర్ మూలన నిలబెట్టి, దాని ఒళ్లు ఒలిచి మిగతావాటికి తగిలించేవాళ్లు.

దీనికి ఆఫీసులో పేరు ఫ్లీట్ మోడర్నైజేషన్. మస్తానన్న పెట్టిన పేరు వేరే. ఇక్కడ రాయలేను.

ఆయన జోడీ యూసుఫ్ సాబ్. లాహోర్ మనిషి. డెబ్బై ఒకటి యుద్ధంలో ఇద్దరూ చెరో వైపు విమానాల కింద పనిచేసినవాళ్లు. రోజూ టీ దగ్గర ఆ యుద్ధం మళ్లీ జరిగేది. మీ విమానాలు అంత బాగా ఎగిరాయంటే నువ్వు సెలవులో ఉన్నావన్నమాట అని యూసుఫ్ సాబ్ ఎత్తిపొడిచేవాడు. మస్తానన్న అంతకు రెండింతలు తిట్టి, ఆయన టిఫిన్ డబ్బాలోంచి రొట్టె లాక్కుని తినేవాడు.

సరే, అసలు సంగతి.

ఎవరో విదేశీ అతిథులు వస్తున్నారు. ఎగరగల ప్రతి ఫైటరూ ఆ రోజు ఆకాశంలో కనిపించాలి. కంపెనీ కాంట్రాక్ట్ రెన్యూ అయ్యేది కూడా దాన్ని బట్టే. ఒక విమానానికి ల్యాండింగ్ గేర్ కాలు, అంటే దిగేటప్పుడు బరువంతా మోసే చక్రం కాలు, మూలనున్న దాన్నుంచి పీకి తగిలించారు. ముందురోజు టార్చి వేసి చూస్తే దాని మీద సన్నని పగులు.

చూసింది మస్తానన్న ఒక్కడే కాదు. యూసుఫ్ సాబ్ చూశాడు. ఇంజినీర్ చూశాడు. ముదీర్, అదే మా మేనేజర్, వంగి మరీ చూశాడు. అందరికీ తెలుసు. తెలియక కూలే విమానాలు తక్కువ ఫ్రెండ్స్. తెలిసినవాళ్లు తల తిప్పుకుంటే కూలేవే ఎక్కువ.

ముదీర్‌ది ఒకటే మాట. ఒక్క ఫ్లైటే కదా, దిగాక మార్చేద్దాం, ఖలాస్.

విమానం ఎగరొచ్చని నేను సంతకం పెట్టను అని మస్తానన్న అనొచ్చు. అంటే ఏమవుతుంది? వీసా క్యాన్సిల్. ఆ సంతకం ఇంకొకడు పెడతాడు. విమానం ఎలాగూ ఎగురుతుంది. ఎక్కబోయే కుర్ర పైలట్‌కి ఇదేమీ తెలియదు.

మస్తానన్నకి కావలసింది నిరసన కాదు. విమానం ఆగడం.

హ్యాంగర్‌లో ఒక బోర్డు ఉంటుంది. ప్రతి టూల్‌కీ దాని ఆకారంలోనే నల్ల రంగు వేసి ఉంటుంది. పనయ్యాక ఎక్కడి టూల్ అక్కడికి చేరాలి. ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా, అది విమానం లోపల పడి ఉండొచ్చు కాబట్టి, దొరికేదాకా ఆ విమానం కదలదు. ఎవరు చెప్పినా కదలదు.

పొద్దున పైలట్ హెల్మెట్ పట్టుకుని నడిచొస్తున్నాడు. మస్తానన్న బోర్డు ముందు నిలబడి అందరికీ వినపడేలా అన్నాడు.

"సాబ్, మేరా స్పానర్ నహీ మిల్ రహా. జహాజ్ కే అందర్ గిర్ గయా."

నా స్పానర్ విమానంలో పడిపోయింది అని. ఎయిర్‌ఫోర్స్ ఫిట్టర్‌కి అంతకు మించిన సిగ్గు లేదు. వంటవాడు తనంతట తానే అన్నంలో మేకు వదిలేశానని చెప్పుకున్నట్టు.

ముదీర్ శివాలెత్తిపోయాడు. సీటు ఊడదీశారు, ప్యానెళ్లు విప్పారు. మిగతా ఫైటర్లు అతిథుల నెత్తి మీదుగా గర్జించుకుంటూ పోయాయి. ఇది మాత్రం కడుపు తెరుచుకుని నేల మీదే ఉంది. వెతకడానికి కంపెనీవాళ్లే కాదు, ఎయిర్‌ఫోర్స్ బేస్ మనుషులు కూడా వచ్చారు. అంతమంది ముందు ఆ పగులు బయటపడింది. ఇక చూడలేదని అనడం ఎవరి తరమూ కాలేదు. కాలు పీకేశారు.

స్పానర్ మాత్రం దొరకలేదు.

ఎలా దొరుకుతుంది? యూసుఫ్ సాబ్ డబ్బాలో, రొట్టెల కింద, ఆలూ కూరలో మునిగి గేటు దాటిపోయింది.

మస్తానన్నని అజాగ్రత్త కింద ఉద్యోగంలోంచి తీసేసి ఇంటికి పంపేశారు. "స్పానర్ మస్తాన్" అన్న పేరు అలా అంటుకుంది. ముదీర్‌కి ప్రమోషన్.

పెట్టె సర్దుకుంటూ నాకు నిజం చెప్పాడు. నేను ఊగిపోయి, అందరికీ చెప్పేస్తానన్నాను.

"మూసుకోరా అబ్బయా. నువ్వు నోరు తెరిస్తే యూసుఫ్ పనిబోతాది. నన్ను ఏమన్నా అనుకోనీ, నా ఒంటికేమన్నా బొబ్బలెక్కుతాయా?"

యూసుఫ్ సాబ్ రెండేళ్ల కింద లాహోర్‌లో పోయాడు. ఆ కబురు నాకు ఫోన్‌లో చెప్పింది మస్తానన్నే. ఇప్పుడు ఈయనా లేడు. ఇక నా నోటికి తాళం ఎందుకు?

కాబట్టి గ్రూపులో పెద్దలారా, కొత్త మిషన్ కొనేసి మోడర్న్ అయిపోయామని చంకలు గుద్దుకోకండి. విమానం మీద కోట్లు పోస్తారు, దాని కింద పడుకుని పనిచేసేవాడు వద్దు సార్ అంటే వినరు. వినని చోట కొత్త విమానం కూడా పాతదే.

దేశభక్తి మీద నాకు క్లాసులు కూడా పీకకండి. ఒక ఇండియనూ, ఒక పాకిస్తానీ కలిసి, తమది కాని దేశంలో, పేరు కూడా తెలియని పిల్లాణ్ణి బతికించారు. దీనికి పట్టుకోవడానికి మీ దగ్గర ఏ జెండా ఉంది?

ఆ పైలట్ ఇప్పటికి తాత అయ్యుంటాడు. ఆ రోజు ఎగరనివ్వలేదన్న కోపంతో మస్తానన్నని అరబీలో నానా తిట్లూ తిట్టి వెళ్లాడు.

తిట్టడానికి ఉండాడు గదా అబ్బయా, అది చాల్లే అనేవాడు మస్తానన్న.

అన్నా, నాకు దేవుడి మీద నమ్మకం లేదు. నీకుంది. నీ నమ్మకం కొద్దీ నీకు చల్లని నీడ దొరకాలి.

దొరక్కపోతే నువ్వు ఊరుకోవు, నాకు తెలుసు.

ఇక నిమ్మళంగా పడుకో.